చెయ్యి తీస్తేనే తాడు కదులుతుంది

రాచెల్ చేతులకు ఊరుకోవడం తెలియదు. మాట్లాడేటప్పుడు అవి పైట అంచుకు పిన్ను గుచ్చి తీస్తూ ఉంటాయి. ఇంటినుంచి బయలుదేరే ముందు ఒకసారి కట్టేసిన గ్యాసు మీటను మళ్ళీ వెళ్ళి తడుముతాయి. బస్సులో కూతురు పక్కన కూర్చుంటే ఆ పిల్ల సంచి జిప్పు వేసి ఉందో లేదో చూసుకుంటాయి. నగర్తపేటలో నంజమ్మ నడిపే నాటకాల దుస్తుల అంగడిలో రాచెల్ ఇన్నేళ్ళుగా కుట్టుపనిలో నిలదొక్కుకున్నదంటే, ఆమె కుట్టు ఊడిరాదన్న పేరు వచ్చిందంటే, అందుకు ఆ కుదురులేని చేతులే కారణం. వేసిన కుట్టును అవి నమ్మవు. ఇంకోసారి లాగి చూస్తాయి.

నంజమ్మ మామగారి కాలంలో ఆ అంగడినుంచి పౌరాణిక నాటకాలకు కిరీటాలు, భుజకీర్తులు, గదలు అద్దెకు వెళ్ళేవి. ఇప్పుడు గదలు అటకెక్కాయి. వాటి బీరువాల్లో సూపర్‌హీరోల ముసుగులు, రొమ్ముమీద మెరుపు గుర్తులున్న బిగుతు దుస్తులు, వీపున వేలాడే పొడవాటి కేపులు చేరాయి. పాఠశాలల వార్షికోత్సవాలకు, పుట్టినరోజు వేడుకలకు అవే పోతున్నాయి. చీరాల క్రైస్తవ మిషన్ వారి కుట్టు తరగతిలో గౌన్లు, జాకెట్లు నేర్చుకుని, ఆసుపత్రి ల్యాబులో పనిచేసే జేమ్స్‌ను పెళ్ళాడి బెంగళూరు వచ్చిన రాచెల్, మనుషులకు లేని శక్తులున్న పిల్లలకు బట్టలు కుడుతూ నడివయసుకు చేరింది.

ఆ జూలైలో ఆమె కుడుతున్న నీలం దుస్తు మాత్రం అద్దెకు పోయేది కాదు. అది ఆమె కూతురు షారోన్‌ది.

"ఏమ్మా రాచేలూ, సాగే గుడ్డకి కూడా లోపల ఇంత వదిల్నావే?" నంజమ్మ చంక దగ్గర కుట్టును తిరగేసి చూసింది. "ఇదేమన్నా ఇస్కూలు గౌనా? సుమ్నే, ఊరికే దండగ గుడ్డ. ఎగిరే పిల్ల చంకలో మూట పెట్టుకున్నట్టు ఉండాది సూడు."

"ఎదిగే పిల్ల కదమ్మా. అలవాటులో వదిలేశాను."

"కత్తిరించెయ్ మల్ల."

రాచెల్ సరేనంది. కత్తెర తీసింది. కత్తిరించకుండానే తిరిగి సొరుగులో పెట్టేసింది.

పద్నాలుగేళ్ళ షారోన్ పాఠశాల జిమ్నాస్టిక్స్ జట్టులో ఉంది. కుందలహళ్ళిలో ఒక బ్యాడ్మింటన్ షెడ్డును సాయంత్రాలకు అద్దెకు తీసుకుని పిల్లలతో నాటకాలు వేయించే యశ్వంత్ ఆమెను ఆ జట్టులోనే చూసి తన నాటకంలోకి తీసుకున్నాడు. ముళబాగిలు వైపు తెలుగు కుటుంబంనుంచి వచ్చిన ఆ కుర్రవాడికి ఒక పెద్ద కంపెనీ తన ఉద్యోగుల కుటుంబాల రోజున ప్రదర్శన వేసే అవకాశం ఇచ్చింది. కథ అతడే రాసుకున్నాడు. పిడుగులను చేత్తో పట్టుకోగల అమ్మాయి ఒకతె. పేరు మించు, అంటే కన్నడంలో మెరుపు. ఆమెను చిన్ననాటినుంచి తీర్చిదిద్దిన ముసుగు గురువు ఛాయ. నగరంమీద పిడుగులు విరుచుకుపడే రోజున ఛాయ శిష్యురాలి తలమీద చెయ్యి పెట్టి ఆశీర్వదిస్తుంది. మించు ఆకాశంలోకి లేస్తుంది.

ఆ లేవడమే ప్రదర్శనకు ప్రాణం. షారోన్ దుస్తు కింద నడుముకూ తొడలకూ పట్టీలు బిగించి ఉంటాయి. వీపు దగ్గర వాటికొక ఇనుప రింగు. పైదూలానికి వేసిన కప్పీల మీదుగా వచ్చే తాడు చివరి కొక్కేన్ని, కేపు కింద రాచెల్ విడిచిన చీలికలోంచి ఆ రింగుకు తగిలించాలి. అది ఛాయ వేషం వేసినవారి పని. కుడి చెయ్యి పిల్ల తలమీద ఉండగా ఎడమ చేత్తో కొక్కెం తగిలించి, లాగి చూసి, సరిగ్గా పడిందని రూఢి అయ్యాక కుడి చెయ్యి పైకెత్తుతుంది. పక్కతెర వెనక తాడు పట్టుకుని నిలబడే ఫయాజ్ కళ్ళు ఆ చేతిమీదే ఉంటాయి. సంగీతపు హోరులో మాట వినబడదు కనుక చెయ్యి లేస్తేనే తాడు లాగాలని వాళ్ళ ఏర్పాటు.

కొలతలు చూడడానికి యశ్వంత్ అంగడికి వచ్చిన రోజున కథంతా చెప్పించుకుని రాచెల్ ఒక్కటే అడిగింది.

"ఈ మించు వాళ్ళమ్మ ఎక్కడ బాబూ?"

"అమ్మ లేదాంటీ."

"చనిపోయిందా?"

"చనిపోయిందని చెప్పం. ఉండదు, అంతే. ఇట్లాంటి కథల్లో అమ్మ ఉంటే కథ నడవదు. మొదటి సీన్‌లోనే 'వద్దు, ఇంట్లో కూర్చో' అంటుంది. అయిపాయె! అందుకే గురువు కావాల. గురువైతే పంపిస్తుంది."

"మల్ల ఆ పిల్ల గుడ్డలు ఎవురు ఉతుకుతారప్పా?" నంజమ్మ కల్పించుకుంది. "తెల్లార్లూ ఎగిరి వస్తాదంటివి. చెమట పట్టదా?"

"అజ్జీ, అది కథ."

"కథలో అయితే చెమట పట్టదా? ఆ కంపుగుడ్డ రిపేరికి వచ్చేది నా అంగడికే కదప్పా!"

యశ్వంత్ నవ్వాడు. రాచెల్ నవ్వలేదు. పంపించడం గురువు పని, ఆపడం తల్లి పని అని పనులు పంచిపెట్టినట్టు అతడు చెప్పిన మాట ఆమెలో ముల్లులా ఉండిపోయింది.

ప్రదర్శన కొద్ది వారాల్లోకి వచ్చాక, ఛాయ వేషం వేస్తున్న అమ్మాయికి టీవీ సీరియల్‌లో అవకాశం వచ్చి వెళ్ళిపోయింది. మాటలన్నీ ముందే రికార్డు చేసి ఉంచారు, ముఖానికి ముసుగు, కావలసింది కదలికలు తెలిసిన మనిషి. కూతురి కోసం ప్రతి రిహార్సల్‌కూ వచ్చి కూర్చునే రాచెల్‌కు ఆ కదలికలన్నీ కంఠతా వచ్చినట్టే. యశ్వంత్ మొహమాటపడుతూ అడిగాడు. అతడు మాట ముగించకముందే ఆమె ఒప్పుకుంది. ఇకమీద ఆ కొక్కెం తన చేతిలో ఉంటుంది! ఆ క్షణాన ఆమెకు తోచింది అదొక్కటే. తల్లికి చోటు లేదని తెలిసిన కథలోకి ఆమె ముసుగు వేసుకుని ప్రవేశించింది.

"మమ్మీ, నువ్వా? సీరియస్‌గా?" షారోన్ తల పట్టుకుంది. "స్టేజ్ మీద నా జుట్టు సర్దకూడదు. మంచినీళ్ళు తాగావా అని అడగకూడదు. ప్రామిస్ చెయ్."

"ముసుగులోంచి ఎలా అడుగుతానే?"

"నువ్వు అడుగుతావ్. నాకు తెలుసు."

ఆమె నీళ్ళ మాట ఎత్తలేదు. చిక్కు ఇంకొకచోట వచ్చింది. రాచెల్ పుట్టింట ఎవరు ఊరికి బయలుదేరినా, పరీక్షకు వెళ్ళినా, చివరికి సూదిమందు వేయించుకోబోతున్నా, పెద్దవాళ్ళు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. 'ఆమెన్' అనేదాకా చెయ్యి తీయరు. పెళ్ళయి బెంగళూరు వస్తున్నప్పుడు చీరాల స్టేషన్లో రైలు కూత వేస్తున్నా ఆమె తల్లి చెయ్యి కదల్లేదు. జేమ్స్ పెట్టెతో తలుపు దగ్గర వేలాడుతూ ఎదురుచూశాడు. యశ్వంత్ ఆ ఆశీర్వాదాన్ని ఒక అందమైన భంగిమగా రాసుకున్నాడు. రాచెల్‌కు అది భంగిమ కాదు. మొదటి రిహార్సల్లో కూతురి తలమీద చెయ్యి ఆనగానే ఆమె కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి, పెదవులు కదిలాయి. ఎగరవలసిన సంగీతం వచ్చింది, పోయింది.

"ఏమైందక్కా? నిద్రపోయినావా?" ఫయాజ్ తెర పక్కనుంచి తల బయటపెట్టాడు.

"ప్రార్థన చేస్తున్నాను."

"మంచిదే. నేనూ దువా చేస్తా. నాది షార్టుగా ఉంటాది అక్కా. నా చేతిలో తాడు ఉండాది."

షెడ్డులో పిల్లలంతా పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా షారోన్ నవ్వింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి విన్న జేమ్స్ కంచం ముందు కూర్చుని ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "పొడుగు ప్రార్థనలు ఈ ఇంట్లో చెల్లవని నీకు తెలుసు కదా! మన షారోన్ చిన్నప్పుడు ఏం చేసేది? నేను అన్నం ముందు కళ్ళు మూసుకుంటే, గుడ్డుకూర వాసనకి ఆగలేక మధ్యలోనే 'ఆమెన్' అని అరిచేది. ఒకసారి ఆమెన్ అన్నాక ఇంకేం ప్రార్థిస్తాం? నేనూ చెయ్యి కడుక్కునేవాణ్ణి."

"మీరు దేశంలో ఉన్న పాస్టర్లందరి పేర్లూ చదివేవాళ్ళు. పిల్ల ఏం చేస్తుంది?" అంది రాచెల్.

ప్రార్థనను ఆమె ఒక్క వాక్యానికి కుదించుకుంది. 'ప్రభువా, నా బిడ్డను కాయి, ఆమెన్' అనుకుని చెయ్యి ఎత్తడం అలవాటు చేసుకుంది. కొన్నాళ్ళు అంతా సవ్యంగా జరిగింది. చెయ్యి లేచేది, తాడు బిగిసేది, షారోన్ నీలం మెరుపులా పైకి వెళ్ళేది. ప్రతిసారీ రాచెల్ భయం ముసుగు వెనకే ఉండిపోయేది.

ప్రదర్శన దగ్గరపడిన ఒక సాయంత్రం ఆమె చెయ్యి ఎత్తిన మరుక్షణంలో, కేపు అంచు కొక్కెంలో ఇరుక్కుందేమోనన్న అనుమానం వచ్చింది. ఎత్తిన చేతిని మళ్ళీ పిల్ల భుజంమీద వేసి వెనక్కి లాగింది. అప్పటికే ఫయాజ్ తాడు లాగాడు. పైకి లేస్తున్న శరీరం ఒక పక్కకు మెలి తిరిగింది. షారోన్ భుజం వేదిక అంచున ఉన్న ఇనుప చట్రానికి రాసుకుంది. ఎముకకు ఏమీ కాలేదు. అరచేతంత మేర చర్మం లేచిపోయింది. కేపు ఎక్కడా ఇరుక్కోలేదు.

ఫయాజ్ వచ్చి ముందు పిల్ల చెయ్యి తిప్పి చూశాడు. తర్వాత రాచెల్ వైపు తిరిగాడు. అతడి గొంతులో వేళాకోళం లేదు.

"అక్కా, డౌటు ఉంటే చెయ్యి ఎత్తొద్దు. రోజంతా ఎత్తకున్నా నేను అట్లనే నిలబడతా. ఎత్తినాక మళ్ళీ పెట్టొద్దు. ఎత్తినాక ఆ పిల్ల నా తాడుమీద ఉండాది, నీ చేతిలో లేదు."

ఆ మాట ఆమెను వదల్లేదు. మర్నాడు మిషను తొక్కుతుంటే కుట్టు వంకర పోయింది. విప్పి వేస్తే మళ్ళీ పోయింది. పిల్లను గాయపరిచింది తాడు కాదు, ఎత్తు కాదు, పిడుగుల కథా కాదు. కాపాడబోయిన తన చెయ్యి. ఎత్తితే ప్రమాదం, ఎత్తి దించితే ఇంకా ప్రమాదం. ఇక ఆ చేతికి మిగిలింది ఒక్కటే, ఎత్తకుండా ఉండడం. తర్వాతి రిహార్సల్లో అది లేవలేదు. ఆ పైరోజూ లేవలేదు. ఒక్క వాక్యం ప్రార్థన మళ్ళీ మొదటికి వెళ్ళి, ఇంకా ముందుకు వెళ్ళి, ఫయాజ్ భార్యాపిల్లల దాకా పెరిగింది. తెర వెనక ఫయాజ్ అన్న మాట ప్రకారం కదలకుండా నిలబడ్డాడు. సంగీతం ఆగిపోయింది.

యశ్వంత్ కుర్చీలోంచి లేచి, ముసుగు తీసిన రాచెల్ ముఖం చూసి, గొంతు తగ్గించాడు.

"ఆంటీ, తప్పు మీది కాదు. కానీ శనివారం ఇట్లనే అయితే అంత జనంలో నేనేం చేయను? ఎగరడం తీసేస్తా. మించు పరిగెత్తుకుంటూ వెళ్తుంది. లేదంటే ఫయాజన్న మనిషి ఒకణ్ణి ఛాయ వేషంలో నిలబెడతా."

"నిలబెట్టు బాబూ," అంది రాచెల్. ఆమెకు ఏడుపు వచ్చేలా ఉంది. దానితోపాటు గుండెమీది బరువు దిగినట్టూ ఉంది.

"వద్దు," అంది షారోన్.

అందరూ అటు చూశారు. ఆమె కేపు విప్పి చంకలో పెట్టుకుని, కట్టు కట్టిన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని నిలబడింది.

"హుక్ మమ్మీయే పెట్టాలి. మిగతా వాళ్ళు ఒకసారి లాగి వదిలేస్తారు. మమ్మీ మళ్ళీ మళ్ళీ లాగుతుంది." తర్వాత తల్లితో చెప్పింది. "కానీ పెట్టాక వదలాలి మమ్మీ. పరిగెత్తే మించు నాకొద్దు. పరిగెత్తమంటే నేను స్టేజ్ ఎక్కను. ఇంకెప్పుడూ ఎక్కను."

కుందలహళ్ళినుంచి తిరుగు మెట్రోలో కూర్చోవడానికి చోటు లేదు. రాచెల్ కమ్మీ పట్టుకుంది. షారోన్ దేన్నీ పట్టుకోలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, బండి ఊగినప్పుడల్లా మోకాళ్ళతో సర్దుకుంటూ నిలబడడం ఆమెకు ఆట. రాచెల్ రెండో చెయ్యి కూతురి వీపు వెనక, తగిలీ తగలనంత దూరంలో గాలిలో ఆగి ఉంది.

"నీ చెయ్యి నా వెనక ఉంది కదా," అంది షారోన్, తిరగకుండానే.

"ముట్టుకోలేదే!"

"ముట్టుకోకపోయినా తెలుస్తుంది. మమ్మీ, ఒకటి చెప్పనా? కోప్పడకు."

"చెప్పు."

"నువ్వు తలమీద చెయ్యి పెట్టినప్పుడు ఫస్ట్ బాగుంటుంది. ఏమీ కాదులే అనిపిస్తుంది. ఎంతసేపటికీ తీయకపోతే... ఏదో అవుతుందేమో, మమ్మీకి తెలుసేమో అనిపిస్తుంది. అప్పటిదాకా నాకు భయం ఉండదు. అప్పుడు మొదలవుతుంది."

రాచెల్ చెయ్యి వెనక్కి తీసుకుని పైట కొనను నలిపింది. తర్వాతి స్టేషన్లో బండి కుదుపుతో ఆగినప్పుడు అది మళ్ళీ అక్కడికే వెళ్ళింది.

శనివారం ఉదయానికే కంపెనీ ఆవరణలోని సభాభవనం నిండిపోయింది. పాప్‌కార్న్ వాసన, బుగ్గలమీద రంగులు పూసుకున్న పిల్లల గోల. నంజమ్మ అంగడి మూసి, పట్టుచీర కట్టుకుని వచ్చి ముందు వరసలో జేమ్స్ పక్కన కూర్చుంది. "అప్పా జేమ్సూ, మన పిల్ల యా పక్కనుంచి ఎగురుతాది? నేను ఆ పక్కకే సూస్తుంటా," అని పైకప్పు వైపు తలెత్తి ఉంది. రాచెల్ ఆమెను తెర సందులోంచి చూసింది. కొక్కెం చూసింది. పట్టీలు చూసింది. కప్పీలు చూడడానికి పైకి ఎక్కబోతే ఫయాజ్ ఆపాడు.

"నేను చూసినానక్కా. నా పని నాకు ఇడిసిపెట్టు."

ఆట మొదలైంది. రికార్డులోని ఛాయ గొంతు, ఎవరో తెలియని ఆ గంభీరమైన ఆడగొంతు, భవనమంతా మోగింది. రాచెల్ ఆ గొంతుకు తగినట్టు నడిచింది, వేలు చూపింది, తల ఊపింది. నగరంమీద చీకటి పడింది. పిడుగులు పడ్డాయి. మించు వచ్చి గురువు ముందు మోకరించింది.

రాచెల్ కుడి చెయ్యి కూతురి తలమీద ఆనింది. ఎడమ చెయ్యి కేపు కింద చీలికను వెతికి కొక్కెం తగిలించింది. లాగింది. మళ్ళీ లాగింది. ఇంకోసారి. పడింది. పడిందని వేళ్ళకు తెలుసు. 'ప్రభువా, నా బిడ్డను కాయి' అనుకుంది. ఆ తర్వాతి మాట రావాలి. రాలేదు. దాని బదులు భుజంమీది గాయం గుర్తొచ్చింది, ఇనుప చట్రం గుర్తొచ్చింది. ప్రార్థన ఇంకొక వాక్యాన్ని కలుపుకుంది. సంగీతం పైకి ఎగబాకుతోంది. అరచేతి కింద పిల్ల మాడు వెచ్చగా ఉంది. పసితనంలో ఇక్కడే మెత్తగా కొట్టుకునేది. చెయ్యి బరువెక్కుతోందని ఆమెకే తెలుస్తోంది. తెర వెనక ఫయాజ్ శిలలా ఉన్నాడు. యశ్వంత్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకోవడం ముసుగు కన్నంలోంచి కనబడింది. ప్రార్థనకు ఇంకొక వాక్యం. ఇంకొకటి.

"ఆమెన్," అంది షారోన్.

చిన్న గొంతుతో, తల ఎత్తకుండా అంది. హోరులో ఇంకెవరికీ వినబడలేదు. గుడ్డుకూర ముందు కూర్చున్న పిల్ల తొందరే ఆ గొంతులో ఉంది.

పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ ఆ మాట తర్వాత చెయ్యి ఉంచి ఎరగని మనిషి రాచెల్. చెయ్యి లేచింది. తాను ఎత్తినట్టు ఆమెకు తెలియదు; చూసేసరికి అది తన తలకంటే ఎత్తున, చీకట్లో, ఖాళీగా ఉంది. తాడు బిగిసింది. నీలం దుస్తు ఆమె ముఖాన్ని రాసుకుంటూ పైకి వెళ్ళిపోయింది. భవనంలోని పిల్లలందరూ ఒక్క గొంతుతో అరిచారు.

ఎత్తిన చెయ్యి కిందికి రావాలని చూసింది. పట్టుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. రాచెల్ ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. కథ ప్రకారం ఛాయ ఇక్కడ ఎడమవైపు చీకట్లోకి నడిచి మాయమైపోవాలి. ఆమె మాయం కాలేదు. తల వెనక్కి వాల్చి, పిల్ల దిగేదాకా చూస్తూ అక్కడే నిలబడిపోయింది.

ఆట ముగిశాక యశ్వంత్ పరుగెత్తుకొచ్చాడు. "ఆంటీ, మీరు వెళ్ళిపోవాల కదా అక్కడ!"

"ఎలా వెళ్తాను బాబూ? అది ఇంకా పైన ఉంటే!"

అతడు ఏదో అనబోయి, ఆలోచించి, తల గోక్కున్నాడు. "సరే. రెండో ఆటలో కూడా నిలబడండి. కానీ వెలుతురులో వద్దు, పక్కన."

రెండో ఆట మధ్యాహ్నానికి ఉంది. నంజమ్మ దుస్తుల గదిలోకి వచ్చి షారోన్ రెండు బుగ్గలూ పుణికి, "అబ్బ, ఏం చెమటమ్మా ఇది! నేను చెప్పలా?" అంటూ ఆమెను విసనకర్రతో విసరసాగింది.

"మమ్మీ, చంకలో పట్టేసింది," అంది షారోన్. "పైన చేతులు బార్లా చాపలేకపోయాను. కొంచెం లూజ్ చేస్తావా?"

రాచెల్ దుస్తు తిరగేసి చూసింది. లోపల వదిలిన గుడ్డ అలాగే ఉంది. నంజమ్మ దాన్ని చూసి, ముఖం తిప్పుకుని, మరింత గట్టిగా విసిరింది. కుట్టు విప్పి, గుడ్డ వదిలి, కొత్త కుట్టు వేసేసరికి బయట జనం మళ్ళీ చేరుతున్న సందడి వినబడింది. రాచెల్ కొత్త కుట్టును మళ్ళీ లాగి చూసింది. ఒకసారి జరిగినంత మాత్రాన ఆ భయం తగ్గలేదు. తగ్గుతుందని ఆమె అనుకోనూలేదు.

"చెయ్యి ఎత్తు," అంది పళ్ళమధ్య సూదితో.

షారోన్ ఎత్తింది. బార్లా చాపి, పక్కకు తిప్పి, నవ్వింది.

"అక్కా," తెర అవతలినుంచి ఫయాజ్ పిలిచాడు. "తాడు రెడీ."